చెవితో చేసే పేలాలు

ఆ వీధిలో ఆమెను పేలాలమ్మ అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంది. అక్కడ తప్ప ఇంకెక్కడా దానికి పని పడలేదు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు మగ్గాల మిల్లులో నిలబడి ఊరందరికీ సరిపడా దుప్పట్లూ పరదాలూ నేసిన మనిషి. ఆ పనికి రావలసిన పేరు రాలేదు. శనివారం మధ్యాహ్నం గుప్పెడు మొక్కజొన్న గింజలు వేయించినందుకు వచ్చింది. లోకానికి ఒంటిమీద కప్పుకున్నది గుర్తుండదు, కడుపులో పడ్డదే గుర్తుంటుంది.

ఆమె చేసేవి ఉత్త పేలాలు కావు. తీపీ కారం రెండూ ఉంటాయి. ముందు నాలుక మీద చక్కెర కరుగుతుంది. ఓహో, ఎంత మంచివి అనుకునేలోపు వెనకనుంచి కారం వచ్చి వీపు మీద ఒక్కటి చరుస్తుంది. అత్తయ్యగారి మాట తీరూ ఇంతే అని అల్లుడు ఒకసారి నోరు జారాడు. ఆ శనివారం అతనికి గిన్నె అడుగున మిగిలిన పేలని గింజలే దక్కాయి.

చేయడం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. అడుగు మందంగా ఉన్న లోతు గిన్నె, దానికి సరిగ్గా కూర్చునే మూత కావాలి. మూడు చెంచాల నూనె పోసి, అందులో మూడే మూడు గింజలు వేసి కాచుకోవాలి. మూడూ పేలాయంటే నూనె సిద్ధమైనట్టు. అప్పుడు అరకప్పు గింజలు, మూడు చెంచాల చక్కెర, చిటికెడు ఉప్పు ఒక్కసారే వేసి మూత పెట్టి, గిన్నెను ఊపుతూనే ఉండాలి. ఊపడం ఆపితే చక్కెర అడుగంటుతుంది. కారం మాత్రం అప్పుడు వేయకూడదు. కొత్తలో ఒకసారి తొందరపడి కాగే నూనెలోనే వేసింది. ఇంట్లోవాళ్ళతో పాటు మేడమీద అద్దెకున్నవాళ్ళు కూడా దగ్గుకుంటూ వీధిలోకి పరుగెత్తారు. అప్పటినుంచీ కారం చివరికే: గిన్నె దించి, వేడివేడి పేలాల మీద చల్లి, మళ్ళీ మూతపెట్టి నాలుగు ఊపులు ఊపి, పెద్ద పళ్ళెంలో కుమ్మరించి గరిటెతో విడదీయాలి. చేత్తో విడదీయబోతే కరిగిన చక్కెర వేలికి అంటుకుని తోలు ఊడుతుంది.

అసలు విద్య దించే క్షణంలో ఉంది. లోపలికి చూడ్డానికి లేదు. మూత తీస్తే పేలాలు కొంపంతా ఎగురుతాయి. వినాలి. మొదట ఒకటీ అరా, తరువాత వాన పట్టినట్టు, మళ్ళీ ఒకటీ అరా. ఒక పేలుడుకూ ఇంకో పేలుడుకూ మధ్య 'ఒకటి, రెండు' అని లెక్కపెట్టుకునేంత వ్యవధి రాగానే దించేయాలి. ఒకటికే దించితే సగం గింజలు పేలవు. మూడు దాకా ఆగితే చక్కెర మాడి చేదెక్కుతుంది. "ఇది చేత్తో చేసే వంట కాదే, చెవితో చేసే వంట" అని చెప్పి ఆమెకు దీన్ని నేర్పింది పక్క మగ్గం పొడుగక్క.

చెప్పింది అంటే నోటితో చెప్పింది గానీ గొంతుతో కాదు. ఆ హాల్లో ఎనభై మగ్గాలు ఒకేసారి ఆడేవి. అక్కడ ఎంత అరిచినా అరుపు నోరు దాటదు. అందుకని అక్కడి ఆడవాళ్ళు అరవడం మానేసి పెదాలతో మాట్లాడుకునేవాళ్ళు. ప్రతి మాటకూ నోరు బారెడు తెరిచి, పెదాలు సాగదీసి, కనుబొమలు ఎగరేసి, గొంతులోంచి మాత్రం చప్పుడు రానిచ్చేవాళ్ళు కాదు. ఆరు మగ్గాల దూరంలో ఉన్నా సరే, కూరలో ఉప్పెక్కువైన సంగతి నుంచి మేస్త్రీగారి విగ్గు సంగతి దాకా అన్నీ చేరిపోయేవి. విగ్గు పెట్టుకున్న మేస్త్రీ మధ్యలోనే నిలబడి ఉన్నా ఆయనకు ఒక్క ముక్క అందేది కాదు.

ఆ మాట ఇంటికీ వచ్చింది. ఆమెకు ఒక్కతే కూతురు. గోడ పట్టుకుని నడిచే వయసు నుంచీ ఆ పిల్లకు పెదాల మాట వచ్చు. మిల్లు గేటు అవతలి నుంచి తల్లితో కబుర్లాడేది. పదేళ్ళప్పుడు ఒకరోజు బడి వదిలారు. తల్లి రోడ్డుకు ఆ పక్కన నిలబడి, అలవాటుగా నోరు ఇంత చేసి 'అన్నం తిన్నావా?' అని అడిగింది. కూతురి స్నేహితురాళ్ళు చూశారు. ఒకతె గట్టున పడ్డ చేపలాగా నోరు ఆడించి చూపించింది, మిగతావాళ్ళు పడీ పడీ నవ్వారు. ఆ సాయంత్రం కూతురు ఇంట్లో సంచీ విసిరేసి, "బయట నాతో అలా మాట్లాడకమ్మా. అందరూ చూస్తున్నారు" అంది. ఆమె సరేనంది. మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు. పిల్లది కదా, సిగ్గుపడింది, అందులో తప్పేముంది అని తనకు తానే చెప్పుకుంది. చెప్పుకోవలసి వచ్చిందంటేనే ఎక్కడో గుచ్చుకున్నట్టు.

మిల్లు ఆమెకు ఒక విద్య ఇచ్చి బదులుగా ఒకటి తీసుకుంది. తీసుకున్న సంగతి పని మానేసిన చాలా ఏళ్ళకు గానీ తెలిసిరాలేదు. మొదట గోడ గడియారం టిక్కుమనడం మానేసింది. బ్యాటరీ మార్చింది, అయినా టిక్కుమనలేదు, ముల్లు మాత్రం తిరుగుతోంది. తరువాత తలుపు గంట పోయింది. కుక్కరు కూత పోయింది. చివరికి తన గాజుల చప్పుడు కూడా పోయిన రోజున ఆమె మంచం మీద కూర్చుని చేతులు రెండూ అటూ ఇటూ ఊపి చూసుకుంది. చెవులు పోయాయని అప్పుడు ఒప్పుకుంది, తనతో మాత్రమే.

బయటివాళ్ళకు అనుమానం రాలేదు. ఎదురుగా నిలబడి మాట్లాడేవాళ్ళ మాట ఆమెకు పెదాల మీదే దొరికిపోతుంది. వెనకనుంచి పిలిస్తేనే చిక్కు. ఆ చిక్కు కూడా ఇంట్లో చాలావరకు తీరిపోయింది, రెండేళ్ళ కిందట వాళ్ళాయన చేసిన ఒక పిచ్చి పనివల్ల.

ఆయనది వీధి చివర కటింగ్ షాపు. నలభై ఏళ్ళుగా మనుషుల వెనక నిలబడి, ఎదుటి అద్దంలో వాళ్ళ మొహాలు చూస్తూ మాట్లాడిన మనిషి. ఒకరోజు షాపులో పెద్ద అద్దానికి అంచు పగిలిందని, మిగిలిన ముక్కను కోయించి తెచ్చి, వంటింట్లో స్టవ్వు వెనక గోడకు మేకులు కొట్టి బిగించాడు.

"వంటింట్లో అద్దమేమిటండీ? ఉల్లిపాయలు తరుగుతూ జడేసుకోవాలా నేను?"

"పారేయడానికి మనసొప్పలేదే. ఉండనీ, అన్నం పెట్టమంటుందా, నీళ్ళు పెట్టమంటుందా?"

పిసినిగొట్టు మనిషి అనుకుని రెండు రోజులు సణిగింది. మూడో రోజుకు దాని విలువ తెలిసింది. ఎవరు వంటింట్లోకి వచ్చినా ముందు అద్దంలోకి వస్తారు, మొహంతో సహా, పెదాలతో సహా. ఆయన పిసినారితనం తనకిలా కలిసొచ్చిందే అని లోలోపల మురిసిపోయింది.

ఇలా ఏ గొడవా లేకుండా గడిచిపోయేది, పాప లేకపోతే.

కూతురు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. అల్లుడు లారీ డ్రైవరు, వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. వాళ్ళ కాపురం రెండు వీధుల అవతల. పాపకు ఎనిమిదో నెల నడుస్తోంది. కూతురి సెలవు ఇంకో మూడు వారాల్లో అయిపోతుంది. ల్యాబు పక్కనే పసిపిల్లల్ని చూసుకునే నర్సరీ ఉంది. అయినా కూతురు ఒకరోజు పాపను తల్లి ఒళ్ళో వేసి, "దీన్ని నీ దగ్గరే ఉంచుతానమ్మా. ఎవరి దగ్గరో వదిలితే నాకు పని మీద మనసు నిలవదు" అంది.

ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. సంతోషం సగం, భయం సగం. మర్నాడే పాత దుప్పటి చింపి పొత్తిగుడ్డలు కుట్టింది. గదిలో బల్ల మూలలకు గుడ్డ చుట్టింది. కూతుర్ని పెంచేటప్పుడు షిఫ్టుల మీద షిఫ్టులు చేసింది. ఆ పిల్ల మొదటి అడుగు వేసింది పక్కింట్లో. మొదటి మాట అన్నది ఆయన షాపులో. ఈసారి ఏదీ వదులుకోకూడదని ఆమె ఆశ. కానీ వినపడదని తెలిస్తే పాపను ఇవ్వదు. ఏ తల్లీ ఇవ్వదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, తెలిసే దాచింది. కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసుకుంటాను, క్షణం కూడా చూపు తిప్పను, ఇంకేం కావాలి అని తనతో తాను బేరమాడుకుంది.

అన్నిటినీ మేనేజ్ చేసింది గానీ పేలాలను మాత్రం మేనేజ్ చేయలేకపోయింది. గింజలకు పెదాలుండవు కదా.

అంతకుముందు కొన్ని నెలలుగా మూత మీద దాదాపు చెవి ఆనించి ఎలాగో నెట్టుకొచ్చింది. ఆ శనివారం అదీ చాలలేదు. గిన్నె ఊపుతూ విన్నది. ఏమీ లేదు. ఇంకా మొదలవలేదేమో అనుకుంది. అద్దంలో పొగ కనిపించాక గానీ దించలేదు. మూత తీస్తే బొగ్గులు.

"అయ్యో, నీ చేతిలో పేలాలు మాడడమా!" కూతురు బుగ్గలు నొక్కుకుంది.

"ఈ స్టవ్వు మంట ఒక పక్కకే వస్తోందే. గింజలు కూడా ఏదో పాత సరుకు. ఆ షాపువాడు ఈ మధ్య..."

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ వరస."

ఆయన మాత్రం పళ్ళెం తన వైపు లాక్కుని నల్లటివి ఏరుకుని తినసాగాడు. "నాకు కాస్త మాడితేనే ఇష్టం" అన్నాడు. పెళ్ళై నలభై ఏళ్ళైంది. రొట్టె అంచు నల్లబడినా పక్కన పెట్టే మనిషి. ఆమెకు ఆయన మీద జాలి వేసింది. వయసు మీదపడి రుచి తెలియడం లేదు పాపం అనుకుంది.

తరువాతి శనివారం మాడుతుందన్న భయంతో ముందే దించేసింది. సగానికి సగం పేలనే లేదు. కొరికితే పళ్ళు కదిలాయి. కూతురు పాపను చంకనేసుకుని వంటింటి గుమ్మం పక్కన, అద్దానికి అందని చోట నిలబడి ఏదో అడిగింది. ఈమె గరిటెతో పేలాలు విడదీసుకుంటూనే ఉంది. కూతురు మళ్ళీ అడిగింది, మూడోసారీ అడిగింది. చివరికి విసుక్కుంది.

"నీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉందమ్మా!"

ఆ మాట ఈమెకు చేరలేదు. ఆమె చూసింది ఆయన మొహాన్ని, అద్దంలో. ఆయనకు కోపం రావడం అరుదు. వచ్చింది. "ఇంకోసారి ఈ ఇంట్లో ఆ సామెత అన్నావంటే ఊరుకోను" అన్నాడు కూతురితో. కూతురు బిత్తరపోయింది. ఏ సామెతో ఈమెకు తెలియలేదు, అడగడానికీ లేదు. ఈ ముసలాయనకు ఈ మధ్య చాదస్తం ఎక్కువైంది అనుకుని ఊరుకుంది.

ఇక మిగిలింది ఒక్క శనివారం. సోమవారం నుంచి కూతురు పనికి వెళ్ళాలి. ఈసారి కూడా పేలాలు పాడైతే, అంత తెలివిగల పిల్ల, రెండూ రెండూ కలిపి నాలుగు అనకుండా ఉంటుందా? అందుకని వారమంతా, ఆయన షాపుకు వెళ్ళగానే, దొంగచాటుగా గింజలు వేయించింది. గడియారం చూసి చేసింది. ఒక రోజు నాలుగు నిమిషాలకు కుదిరినది ఇంకో రోజు నాలుగు నిమిషాలకే మాడింది. గురువారానికి అరకిలో గింజలు చెత్తబుట్టలోకి పోయాయి. కిటికీ తెరిచి తువ్వాలుతో పొగ తోలుతూ, నిప్పు లేనిదే పొగ రాదంటారు, నాకు నిప్పూ ఉంది, పొగా ఉంది, పేలాలే లేవు అని తనమీద తానే నవ్వుకుంది. తరువాత అక్కడే పీట మీద కూర్చుని ఏడ్చింది.

శుక్రవారం అలవాటుకొద్దీ గిన్నె ఊపుతుంటే మూత కదిలింది. జారిపోకుండా మడత పెట్టిన గుడ్డతో మూతను గట్టిగా అదిమిపట్టింది. అరచేతిలో ఏదో తగిలింది. టప్. ఇంకోటి, మరోటి, ఆ వెంటనే లెక్కకు అందనన్ని.

ఒక్కసారిగా ఆమె మిల్లుకు వెళ్ళిపోయింది. ఎనభై మగ్గాల్లో తన మగ్గం ఒక్కదాని చప్పుడు ఎవరికి వినపడుతుంది? పొద్దున్నే హాల్లోకి రాగానే మగ్గం చట్రం మీద అరచెయ్యి ఆనించేవాళ్ళు. అది బాగా ఆడుతోందో, ఎక్కడైనా పట్టేస్తోందో చేతికి తెలిసిపోయేది. ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఆ చేత్తోనే కదా విన్నది! బుద్ధిలేనిదాన్ని, చెవులు పట్టుకు వేలాడానే అనుకుంది. అరచేతిలో వాన తగ్గింది. ఒక తాకుడు. ఒకటి, రెండు. ఇంకో తాకుడు. దించేసింది. మూత తీస్తే గిన్నె నిండా తెల్లగా, లేత బంగారు అంచులతో పేలాలు. ఒక్క గింజ మాడలేదు. ఒంటరిగా నిలబడి సగం గిన్నె తినేసింది.

శనివారం మధ్యాహ్నం కూతురు వచ్చి, ముందు గదిలో పరుపు మీద పాపను పడుకోబెట్టింది. "ఇప్పుడే నిద్రపోయిందమ్మా. ఇస్త్రీకిచ్చిన ల్యాబు కోటు తీసుకుని పది నిమిషాల్లో వస్తాను" అని వెళ్ళింది. ఆయన ఇంకా షాపు నుంచి రాలేదు. ఆమె గదిలోకి తొంగి చూసింది. పాప బోర్లా పడుకుని ఉంది, పిడికిలి నోట్లో. సరే, వాళ్ళు వచ్చేసరికి పళ్ళెం సిద్ధంగా ఉండాలని వంటింట్లోకి నడిచింది.

నూనె, మూడు గింజలు, మిగతా గింజలు, చక్కెర, ఉప్పు. మూత మీద గుడ్డ, గుడ్డ మీద అరచెయ్యి. మనసు చేతిలోకి రావాలని కళ్ళు కూడా మూసుకుంది. ఇంత బాగా ఆమె ఎన్నడూ విని ఉండలేదు. ఒకటి, రెండు. దించింది. కారం చల్లింది, ఊపింది, పళ్ళెంలో కుమ్మరించింది. అద్దంలో తన మొహం చూసి నవ్వింది కూడా. ఇక భయం లేదు, పాప నాదే అనుకుంటూ వెనక్కి తిరిగింది.

గుమ్మంలో నేల మీద పాప ఉంది. అద్దం నేలదాకా చూపించదు. పరుపు దిగి, గది దాటి, పాకుకుంటూ వచ్చింది. నుదుటి మీద రేగిపండంత బొప్పి. మొహం కందిపోయి, నోరు తెరుచుకుని, ఊపిరి తిరగకుండా ఏడుస్తోంది. ఆమెకు మాత్రం ఆ ఏడుపు లేదు. తెరిచిన నోరే ఉంది.

ఎత్తుకుని గుండెకు హత్తుకుంది. అప్పుడు తెలిసింది ఏడుపు, పక్కటెముకల మీద దడదడమంటూ. గౌను మెడ అంతా తడిసి ముద్దై ఉంది. బిడ్డను కన్న మనిషి. అంత తడవాలంటే ఎంతసేపు ఏడవాలో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. గింజలు చేతికి వినపడ్డాయి, బిడ్డ వినపడలేదు. గుమ్మంలోనే కూలబడింది.

కూతురూ ఆయనా కలిసే వచ్చారు. అప్పటికి పాప ఊరుకుని, అమ్మమ్మ గాజులతో ఆడుకుంటోంది. చిన్నపిల్లలకు బొప్పి కట్టడం కొత్త కాదు. లేచి పాకింది, గుమ్మం తగిలింది అంటే ఇట్టే సరిపోయేది. కూతురు బొప్పి చూసి "అయ్యో, ఎక్కడ తగిలించుకున్నావే?" అని ముద్దుపెట్టి, పళ్ళెంలోంచి గుప్పెడు నోట్లో వేసుకుంది. కళ్ళు పెద్దవి చేసింది.

"అమ్మా! పాత చెయ్యి మళ్ళీ వచ్చేసింది! ఆహా, ఆ కారం!"

"నాకు వినపడదే."

"ఏంటి?"

"చెవులు వినపడవు. ఎప్పటినుంచో. పాప ఎంతసేపు ఏడ్చిందో నాకు తెలియదు. నేను ఇక్కడే ఉన్నాను, నాలుగడుగుల దూరంలో. తెలియలేదు."

కూతురు నములుతున్నది ఆగిపోయింది. పాపను తీసుకుంది. బొప్పిని ఇంకోసారి చూసింది. "తెలిసి దాచావా?"

"దాచాను."

"నా బిడ్డ విషయంలోనా అమ్మా? ఎందుకు?"

"చెప్తే ఇవ్వవని."

కూతురు అప్పుడు అన్న మాటలు చాలానే ఉన్నాయి. కొన్ని ఈమెకు అందలేదు, ఎందుకంటే ఏడుస్తూ మాట్లాడేవాళ్ళ పెదాలు సరిగా ఆడవు. అందినవి చాలు. చివరికి కూతురు తండ్రి వైపు తిరిగి, "నీకు తెలుసా నాన్నా?" అంది.

ఆయన గోడకు చేరబడి తల ఊపాడు. "రెండేళ్ళైంది."

"మీకు తెలుసా?" ఈసారి అడిగింది ఈమె.

ఆయన ఎప్పటిలా ముందు ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. అలా రావడం ఎన్నాళ్ళనుంచో అలవాటు, ఆమే గమనించలేదు. "వెనకనుంచి పిలిస్తే పలకడం మానేశావు. నేను చేసేదే జనం వెనక నిలబడి మాట్లాడే పని కదా, నాకు తెలియదా? నీ అంతట నువ్వు చెప్తావని ఊరుకున్నా. చెప్పేదాకా నీకు ఇబ్బంది లేకుండా..." అని స్టవ్వు వెనక గోడ వైపు చూశాడు.

ఆమె కూడా చూసింది. అద్దంలో ముగ్గురూ ఉన్నారు. రెండేళ్ళ కిందట పిసినిగొట్టు, పిసినిగొట్టు అని తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కూతురు పాపను తీసుకుని వెళ్ళిపోయింది. పళ్ళెం నిండా పేలాలు అలాగే ఉన్నాయి. అంత బాగా కుదిరిన పేలాలు ఎవరూ తినకుండా మెత్తబడడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

ఆదివారం పొద్దువాలేదాకా కబురు లేదు. ఆమె కుట్టిన పొత్తిగుడ్డలన్నీ మడతపెట్టి సంచీలో సర్దింది, ఆయన చేత పంపిద్దామని. సాయంత్రం కూతురే వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. వంటింట్లోకి వెళ్ళి, అద్దంలో కాకుండా తల్లికి ఎదురుగా నిలబడింది.

"నర్సరీవాళ్ళతో మాట్లాడి వచ్చాను. మధ్యాహ్నం నుంచి అక్కడుంటుంది. పొద్దుటిపూట ఇక్కడ. కానీ నాన్న ఇంట్లో ఉంటేనే. నువ్వు ఒక్కదానివే ఉన్నప్పుడు మాత్రం వదలను. బుధవారం చెవి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం, యంత్రం పెట్టమంటే పెట్టుకోవాలి. ఇందులో బేరాల్లేవు."

"సగం రోజేనా?" ఆశ ఎవరి మాట వింటుంది?

"సగమే."

కటింగ్ షాపుకు పొద్దుటిపూటే అసలు పూట. గడ్డాలు గీయించుకునేవాళ్ళంతా అప్పుడే వస్తారు. ఆయన అదేమీ ఎత్తలేదు. "మధ్యాహ్నం తెరుస్తాలే. గడ్డం పూటకింత పెరుగుతుంది గానీ పారిపోదుగా" అన్నాడు. ఆ రాత్రే షాపుకు వెళ్ళి, చేతి అద్దాల్లో పెద్దది తెచ్చి, గుమ్మానికి ఎదురుగా గోడకు నేల నుంచి జానెడు ఎత్తులో కొట్టాడు. ఇప్పుడు ఆ వంటింట్లో నేల మీద చీమ పాకినా స్టవ్వు దగ్గరినుంచి కనపడుతుంది. చెవి యంత్రం తరువాతి నెలలో వచ్చింది. అది పెట్టుకుంటే గిన్నెలన్నీ నెత్తి మీదే పడుతున్నట్టుందని ఆమె గొడవ. పాప ఉన్నంతసేపూ పెట్టుకుంటుంది. పేలాలకు మాత్రం తీసి పక్కన పెడుతుంది, చెయ్యి ఉండగా అదెందుకని.

కానీ చెప్పవలసింది ఆ మొదటి సోమవారం గురించి. కూతురు పొద్దున్నే పాపను తల్లి చేతుల్లో పెట్టింది. ఒక ముద్దు పెట్టి, రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి ఇంకో ముద్దు పెట్టి, ఎదుటి స్టాపులో బస్సెక్కింది. కిటికీ పక్కన సీటు దొరికింది. దాని అద్దం తెరుచుకోకుండా బిగుసుకుపోయి ఉంది. బస్సు కిక్కిరిసి ఉంది. స్టాపు నిండా జనం, వెనక ఆటోల హారన్లు. ఆమె గేటు దగ్గర పాపను గుండెకు ఆనించుకుని నిలబడింది. నోటిదాకా వచ్చిన మాటను పాతికేళ్ళ అలవాటుతో మింగేసింది.

అప్పుడు బస్సు కిటికీలో కూతురు నోరు తెరిచింది. బారెడు తెరిచింది. పెదాలు సాగదీసి, కనుబొమలు ఎగరేసి, పక్కన కూర్చున్నావిడ తిరిగి చూస్తున్నా, నిలబడ్డవాళ్ళు వంగి చూస్తున్నా లెక్కచేయకుండా, చప్పుడు లేకుండా మాట్లాడింది. మిల్లు గేటు దగ్గరి పిల్ల ఒక్క మాట కూడా మరిచిపోలేదు.

ఆమెకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు, తుడుచుకుంటే ఒక మాట పోతుందని. తనూ నోరు ఇంత చేసి జవాబు చెప్పింది. బస్సు కదిలి, మలుపు తిరిగేదాకా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు.

చెవులు రెండూ బాగానే ఉన్న ఆయన పక్కనే నిలబడి, బస్సునూ భార్యనూ మార్చి మార్చి చూశాడు.

"ఏమంటోందే అమ్మాయి?"

"మీకెందుకండీ? మిల్లు మాట అది" అని ఆమె పాపను తీసుకుని లోపలికి నడిచింది.